ఊఁ కొట్టి ఊరుకునే సర్వరు

కంప్యూటర్ చదువులో నేర్పినవాటిలో నాకు గట్టిగా గుర్తున్నది ఒక్కటే. ఏదైనా పనిచేయకపోతే దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ ఒక్క ముక్కతో నా తొలి కొలువులో చాలాకాలం ఇంజనీరుగా చలామణి అయ్యాను.

కొలువు జనగామలో, ఒక పార్సిల్ ఆఫీసులో. మా ఓనర్‌కు జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కౌంటర్లు ఉండేవి. మ్యాపు తీసి చూస్తే ఈ మూడు ఊళ్లకు నడుమ వరంగల్ ఉంటుంది. కానీ ఓనర్ ఇల్లు జనగామలో ఉంది కనుక కేంద్రం జనగామ అయింది. కేంద్రాలు ఇట్లాగే ఏర్పడతాయని ఆ రోజుల్లో ఊరూరా మైకుల్లో చెబుతూనే ఉన్నారు. నేనే సరిగా వినలేదు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ఒక మాట వచ్చి, చప్పట్లు ఆగకముందే ఆ మాట మెత్తబడి, ఊళ్లన్నీ రోడ్డెక్కిన కాలమది. ఏ పూట ఏ ఊరు బందో పొద్దున్నే పాల ప్యాకెట్‌తోపాటు తెలిసేది. బస్సులు నడిస్తే నడిచినట్టు, లేకుంటే లేదు. మా వ్యాన్ మాత్రం అద్దం మీద ‘జై తెలంగాణ’ స్టిక్కర్ అంటించుకుని, మందుల డబ్బాలు మోస్తూ ఏదో ఒక దారిన పోయి వచ్చేది. స్టిక్కర్ మా భావమా, మా పర్మిటా అని ఎవరూ అడగలేదు. రెండూ నిజమే.

ఆ ఆఫీసులో పార్సిల్ కంటే పార్సిల్ నంబర్ ముఖ్యం. కౌంటర్‌లో ఎవరైనా పార్సిల్ పెడితే అక్కడి కంప్యూటర్ జనగామలో ఉన్న సర్వర్‌ను నంబర్ అడుగుతుంది. సర్వరంటే పెద్ద వస్తువేమీ కాదు, ఓనర్ మేడ మీది గదిలో, బియ్యం బస్తాల పక్కన పెట్టిన ఒక డబ్బా, అందులో నడిచే ఒక ప్రోగ్రాం. అది ఒక నంబర్ ఇస్తుంది. ఆ నంబర్‌ను కాగితం మీద కొట్టి అంటిస్తే వ్యాన్ డ్రైవర్ ఎక్కించుకుంటాడు. నంబర్ లేని పార్సిల్‌ను తన సొంత బావమరిది తెచ్చినా ఎక్కించుకోడు. ఒకే నంబర్ రెండు పార్సిళ్ల మీద పడకూడదన్నది ఓనర్ పెట్టిన మొదటి షరతు. ప్రోగ్రాం రాసిన హైదరాబాద్ ఆయన ఆ షరతును తు.చ. తప్పకుండా పాటించి, రాసిందంతా మా దగ్గర వదిలి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ సర్వర్ ఆగడం మొదలైంది.

ఆగడమంటే పూర్తిగా ఆగినా బాగుండేది. మిషన్ నడుస్తూనే ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, పచ్చలైటు మినుకుమినుకుమంటూనే ఉంటుంది. జనగామ కౌంటర్ నుంచి ఆ డబ్బాను ఊరికే ‘ఉన్నావా’ అని పలకరిస్తే ‘ఊఁ’ అంటుంది. నంబర్ అడిగితే మాత్రం పలకదు. ఎర్ర అక్షరాల్లో ఏదో ఒక తప్పు చూపించినా సంతోషించేవాణ్ని. అదీ లేదు. పేపర్ చదువుకుంటున్న మా నాయిన ఫీజు గురించి అడిగినప్పుడు అచ్చం ఇట్లాగే ఊఁ కొట్టేవాడు. అందుకే నాకు ఆ ప్రవర్తన కొత్తగా అనిపించలేదు. మందు మాత్రం తెలియలేదు.

ఆపి మొదలుపెడితే మామూలైపోయేది. మళ్లీ ఏ మధ్యాహ్నమో, ఏ సాయంత్రమో ఆగేది. ఎండకు వేడెక్కుతున్నదేమోనని టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఎలుకలేమైనా తీగ కొరికాయేమోనని బియ్యం బస్తాలు జరిపాను. తీగలు మార్చాను. వైరస్ పట్టిందేమోనని వెతికాను. నాలుగైదు దొరికాయి, వాటికీ ఆగడానికీ సంబంధం లేదు, అవి కూడా పాపం మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినట్టున్నాయి. ఓనర్ తన వంతుగా డబ్బాకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. ఆ పూటంతా ఆగలేదు. దాంతో నా ఫ్యాన్ మీద నమ్మకం పోయింది, నిమ్మకాయ మీద నమ్మకం పెరిగింది. మర్నాడు మళ్లీ ఆగింది. అప్పుడు ఇద్దరం సమానమయ్యాం.

బందులకూ దీనికీ ఏదో చుట్టరికం ఉందని ఒకసారి అనుమానపడ్డాను. కానీ జనగామ బందైన రోజున నిక్షేపంగా నడిచింది, జనగామలో చీమ చిటుక్కుమనని రోజున ఆగింది. ఉద్యమాన్ని అనవసరంగా అనుమానించానని చెంపలేసుకుని ఆ ఆలోచన వదిలేశాను.

మా ఓనర్ చెడ్డవాడు కాదు. తొందరగా ఒక మాట మీదికి వచ్చేయాలనుకునే మనిషి, అంతే. సర్వర్ తెర మీద ఎవరెవరు వచ్చి తలుపు తట్టారో ఒకరి కింద ఒకరు పడుతుంటారు. ఆగినప్పుడల్లా మేడెక్కి ఆ తెర చూసేవాడు. ప్రతిసారీ అట్టడుగున ఒకటే పేరు, భూపాలపల్లి.

“ఎప్పుడాగినా ఆఖరుకు భూపాలపల్లే ఉంటది. ఇంకేం సాక్ష్యం కావాలె ఇంజనీరూ?” అన్నాడు.

సాక్ష్యం నాకూ గట్టిగానే కనిపించింది. భూపాలపల్లి అడవి అంచు, గనుల ఊరు, లైను బాగుండదు అని ఆయన అంటే తల ఊపాను. తల ఊపడానికి చదువు అడ్డం రాదు. ఈ నెల ఇట్లాగే నడిస్తే ఆ కౌంటర్‌ను ఎత్తేస్తానన్నాడు.

భూపాలపల్లి కౌంటర్ నడిపేది ఒక అక్క. బొగ్గుబావిలో పనిచేసే ఆయన బిడ్డ, డిగ్రీ చదివింది. వాళ్లింటి ముందుగదే కౌంటర్. నేను అప్పటిదాకా ఆమెను చూడలేదు, ఫోన్‌లో గొంతు మాత్రం రోజూ విన్నాను. సర్వర్ ఆగిందని అందరికంటే ముందు చెప్పేది ఆమే. ఎత్తేస్తారన్న మాట ఎట్లా చేరిందో చేరింది. ఆ రోజు ఫోన్‌లో ఆగిన సంగతి చెప్పలేదు, తన సంగతి చెప్పింది. అంతకుముందు హైదరాబాద్‌లో ఫోన్ ఎత్తి మాట్లాడే కొలువు చేసిందట. అక్కడ నేర్పే సారు ఆమెను అందరి ముందూ నిలబెట్టి, ఆమె మాటను రోజూ ముక్కముక్కగా దిద్దేవాడట. పక్కన కూర్చున్నవాళ్లు సినిమా చూసినట్టు నవ్వేవాళ్లట.

“గీడ నా తీరుగ నేను మాట్లాడుకుంట పని చేసుకుంటున్న తమ్మీ. గిది పోతె మల్ల పోయి ఆ సారు ముంగట నిలవడాలె. జర చూడు,” అంది.

చూస్తానన్నాను. ఏం చూడాలో తెలియకపోయినా ఆ మాట అనడం నాకు బాగా అలవాటు.

చివరికి ఓనర్ ఓపిక నెల కంటే ముందే అయిపోయింది. పోయి ఆ కంప్యూటర్ పట్టుకురమ్మన్నాడు. తెర అక్కర్లేదు, డబ్బా ఒక్కటి బండి మీద కట్టుకుని వస్తే చాలన్నాడు. మర్నాడు మూడు ఊళ్లూ బంద్. నా మోటార్ సైకిల్ హ్యాండిల్‌కు చిన్న గులాబీ జెండా కట్టుకుని, వెనక తాడు చుట్ట పెట్టుకుని బయలుదేరాను. ఒక మనిషి కొలువు తాడుతో కట్టి తీసుకురావడానికి పోతున్నానన్న సంగతి పరకాల దాటేదాకా నేను ఆలోచించలేదు. దాటాక ఆలోచించి కూడా ఏం లాభం లేకపోయింది.

అక్క ఇల్లు దొరికింది. గదికి షట్టర్ లేదు, పూల కర్టెన్ కట్టిన మామూలు తలుపు. బంద్ రోజు కాబట్టి తలుపు మూసి, వెనక వాకిలి నుంచి పార్సిళ్లు తీసుకుంటున్నది. నన్ను చూసింది, తాడు చూసింది. సకినాలు తెచ్చి పెట్టింది. నేను తింటూ నా పని చెప్పాను. సకినం నములుతూ చెడ్డ కబురు చెప్పడం అంత తేలిక కాదు, మాట సగం కరకరలోనే పోతుంది. అది నాకు మంచిదే అయింది.

ఆమె ఏడవలేదు, వాదించలేదు. బల్ల కింద ఉన్న పార్సిళ్లు చూపించింది. ఎవరివో షుగరు మందులు, ఎవరిదో మోకాలి పట్టీ.

“జనం నన్ను నమ్మి పెట్టి పోయిన్లు. గివి ఎక్కిచ్చినంక తీస్కపో, నేనే తాడు కట్టిస్త,” అంది.

న్యాయమైన మాట. అయితే ఎక్కించాలంటే నంబర్ రావాలి. సర్వర్ ఆగి ఉంది. ఓనర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రోజు ఆయన జనగామలో వర్తకుల రిలే దీక్షలో కూర్చున్నాడు. సాయంత్రం నిమ్మరసం తాగేదాకా ఫోన్ ముట్టనని పూలదండ వేయించుకున్నాడట. కాబట్టి నంబర్ రాదు, నంబర్ రాకపోతే పార్సిల్ ఎక్కదు, పార్సిల్ ఎక్కకపోతే డబ్బా కదలదు. సర్వర్ ఆగడం వల్ల ఎవరైనా బాగుపడ్డారంటే ఆ పూట ఆ అక్కే.

నేను ఆమె పక్కన కూర్చుని చూశాను. నంబర్ అడుగుతుంది, ఆగుతుంది, రాకపోతే వదిలి మళ్లీ అడుగుతుంది. విసుగు లేదు. నడుమ లేచిపోవడం లేదు. ఎవరైనా మందలిద్దామన్నా ఎక్కడా సందు దొరకదు. ఆమె చేస్తున్నది అంతా సరిగ్గా ఉంది, తీగ బాగుంది, లైను బాగుంది. తప్పు ఇక్కడే ఉందని మూడు నెలలుగా మేం అనుకుంటున్న చోట ఏ తప్పూ లేదు. ఇంతకంటే అయోమయం నా జీవితంలో పరీక్ష హాల్లో తప్ప ఎరగను. రేపు వ్యాన్ మీద వచ్చి తీసుకుపోతానని చెప్పి, లేచి, తాడు మళ్లీ బండికి కట్టుకున్నాను.

వచ్చిన దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. నన్ను తినిపోమన్నారు కానీ పోనీయలేదు. ములుగు మీదుగా, నర్సంపేట మీదుగా చుట్టుదారిన బయలుదేరాను. ఎట్లాగూ ఆ దారి మహబూబాబాద్ మీదుగానే పోతుంది, అక్కడి కౌంటర్ కూడా ఒకసారి చూడొచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గూడూరులో చాయ్ తాగుతుంటే ఓనర్ ఫోన్ చేశాడు. నిమ్మరసం తాగానని, సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టానని చెప్పి, డబ్బా తెస్తున్నావా అని అడిగాడు. తొవ్వలో ఉన్నానన్నాను. అందులో అబద్ధం లేదు.

మహబూబాబాద్ కౌంటర్‌లో ఉండేది ఒక చాచా. పార్సిల్ ఆఫీసు రాకముందు ఆయనకు గడియారాల దుకాణం. ఆయనకు ఊళ్లో తెలియని మనిషి లేడు, తెలియనివాళ్లొస్తే తెలుసుకునేదాకా వదలడు. షట్టర్ సగానికి దించి ఉంది. వంగి లోపలికి పోయాను. “ఆవో బేటా, బైఠో,” అని స్టూలు జరిపాడు. అప్పుడే ఒక రైతు మోటారు స్టార్టర్ పట్టుకుని వంగుతూ వచ్చాడు. చాచా ముందు నంబర్ తీసుకున్నాడు. ఠక్కున వచ్చింది. తర్వాత ముచ్చట మొదలుపెట్టాడు. ఎవరికి పంపుతున్నావు, జనగామలో ఆయన నీకేమవుతాడు, స్టార్టర్ ఎట్లా కాలింది, బోరులో నీళ్లున్నాయా. పేరు ఊరు కొట్టడం, స్టిక్కర్ అంటించడం అన్నీ ముచ్చట అయిన తర్వాతే. మరి నంబర్ అంత ముందే ఎందుకని అడిగాను. నంబర్ ఇస్తే మనిషికి ధైర్యం, ఇక తన పని అయినట్టే అనుకుని నిమ్మళంగా మాట్లాడతాడు అన్నాడు. గడియారాల దుకాణంలోనూ ముందు చీటీ ఇచ్చి, తర్వాతే గడియారం తెరిచేవాడట.

దూరం నుంచి డప్పులు వినిపించాయి. కాలేజీ పిల్లల ఊరేగింపు, జులూస్ వస్తున్నది.

చాచా తొందరపడలేదు. రైతును చేయి పట్టి లోపలి మూలకు కూర్చోబెట్టాడు. కొక్కెంతో షట్టర్‌ను మోకాలి దాకా లాగాడు. అటు తిరిగి, గోడకున్న మెయిన్ స్విచ్ పిడి పట్టి కిందికి గుంజాడు. ఫ్యాన్ ఆగింది. లైటు పోయింది. కంప్యూటర్ తెర నల్లబడింది. ఎన్నో సార్లు చేసిన చేతులవి.

కరెంటు పోయినట్టుంది అన్నాను, అంత చూసి కూడా.

“పోలే బేటా, నేనే తీసిన. పిల్లలు మనోళ్లే. షట్టర్ కింద లైట్ కనబడ్తె వాళ్ల ముంగట మనకు ఇజ్జత్ ఏముంటది?” అన్నాడు.

ఆ పద్ధతి అప్పుడు అర్థమైంది. షట్టర్ సగం దించి పని నడుస్తున్నదని జులూస్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. వాళ్ల ఇళ్ల మందులు కూడా ఆ సందు నుంచే పోతాయి. కానీ వాళ్లు ముందు నుంచి పోతున్నంతసేపు లోపల దీపం వెలగకూడదు. అది మర్యాద. వాళ్లు చూడనట్టు పోతారు, మనం లేనట్టు ఉంటాం. డప్పు దగ్గరకొచ్చినప్పుడు చాచా షట్టర్ కింది నుంచి చేయి బయటపెట్టి, పిడికిలి బిగించి, జై తెలంగాణ అన్నాడు. బయటి నుంచి “చాచా, సలామ్” అని ఎవరో అన్నారు. లేని మనిషికి అంతకంటే గౌరవం దొరకదు.

ఆ చీకట్లో నా ఫోన్ మోగింది. భూపాలపల్లి అక్క.

“తమ్మీ, మల్ల ఆగింది,” అంది.

నేను నల్లబడ్డ తెర వంక చూస్తూ కూర్చున్నాను. తెలివి ఒక్కసారిగా రాలేదు. గిరాకీ వచ్చినట్టు వంగి వంగి వచ్చింది. సర్వర్ చాచాకు ఒక నంబర్ ఇచ్చింది. ఒకే నంబర్ ఇద్దరికి పోకూడదు కనుక, చాచా మిషన్ ‘అంటించాను, అయిపోయింది’ అనేదాకా ఇంకెవరికీ నంబర్ ఇవ్వకుండా కూర్చుంటుంది. మా దిక్కు శత్రువు ఇంటి నుంచి లేచినా ‘పోయొస్త’ అనకుండా గడప దాటరు. చాచా మిషన్‌కు ఆ మాట అనే వ్యవధి లేకుండా పిడి గుంజేశాడు. అది పోయిందని సర్వర్‌కు తెలియదు. ఎంతసేపు ఎదురుచూడాలో దానికి ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ఎదురుచూస్తూ ఉంది. ఇచ్చిన మాట తేలేదాకా కూర్చుని ఎదురుచూడటం ఆ రోజుల్లో ఒక్క సర్వర్ పని కాదు కాబట్టి, దాని మీద నాకు కోపం రాలేదు.

జులూస్ పోయాక చాచా మెయిన్ పెట్టి మళ్లీ నంబర్ అడిగాడు. రాలేదు. పాత చాచా ఇంకా లోపల కూర్చున్నట్టే లెక్క కనుక కొత్త చాచాకు జాగా లేదు. ఇట్లా అయినప్పుడు ఏం చేస్తావని అడిగితే, ఆగింది కదా అని చాయ్‌కి పోతానన్నాడు. జనగామ కౌంటర్‌లో మేమూ అంతే. నంబర్ రాకపోతే మేడెక్కి సర్వర్‌ను చూసేవాళ్లం తప్ప మళ్లీ అడిగేవాళ్లం కాదు. అక్క ఒక్కతే అడుగుతూ కూర్చునేది. చివరిదాకా తలుపు తట్టింది ఆమె కనుక అట్టడుగున ఆమె పేరే ఉండేది.

నమ్మకం కుదరక ఓనర్‌కు ఫోన్ చేసి మళ్లీ ఆపి మొదలుపెట్టించాను. చాచాను నంబర్ తీసుకుని, ముచ్చట నడుమ మెయిన్ గుంజమన్నాను. సర్వర్ ఆగిందని అక్క ఫోన్‌లో చెప్పింది. మళ్లీ మొదలుపెట్టించి, ఈసారి స్టిక్కర్ అయ్యాక గుంజమన్నాను. అక్కకు నంబర్ వచ్చింది. చాచాకు ఈ ఆట నచ్చింది. జులూస్ లేకున్నా ఇంకోసారి తియ్యనా అని అడిగాడు. రైతు మాత్రం, ఇంతకీ తన స్టార్టర్ పోతుందా పోదా అని అడిగాడు. ఆ గదిలో అసలు ప్రశ్న అడిగింది ఆయనే.

ముచ్చట ముందు కానిచ్చి నంబర్ తర్వాత తీసుకోమని చాచాకు చెప్పబోయి ఊరుకున్నాను. గడియారాల నాటి పద్ధతిని మార్చడం కంటే ప్రోగ్రాంను మార్చడం సులువు. కొంతసేపు చూసి జవాబు రాకపోతే ఆ నంబర్ వదిలేసి వెనకవాళ్లకు దారివ్వమని నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఎంతసేపు అన్నదే చిక్కు. మరీ తక్కువ పెడితే చాచా ముచ్చట తెగదు, నంబర్ తెగుతుంది. జులూస్ దాటడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను. పిల్లలదైతే ఊపిరి తీసినంతసేపు, టీచర్లది వరుస తప్పదు కాబట్టి కొంచెం ఎక్కువ, వకీళ్లదైతే నడుమ ఉపన్యాసం ఉంటుంది, చెప్పలేం అన్నాడు. చివరికి వకీళ్లను వదిలేసి, చాచా ఒక గిరాకీతో మామూలుగా మాట్లాడేంతసేపు పెట్టాలని తేల్చుకున్నాను. కంప్యూటర్ పుస్తకాల్లో ఆ కొలత ఉండదు.

జనగామ చేరాక ఓనర్ నా బండి వెనక చూశాడు. తాడు ఉంది, డబ్బా లేదు. తప్పు ప్రోగ్రాందని, ఎదురుచూడటం తప్ప ఇంకేం తెలియని ప్రోగ్రాం అని చెప్పాను. మరి ఆఖరుకు భూపాలపల్లే ఎందుకుంటది అన్నాడు. ఆఖరుదాకా ఉండేది ఆమె ఒక్కతే కనుక అన్నాను. ఆయన నిమ్మకాయ వంక చూశాడు. సరే, ఇంకో బంద్ చూద్దాం, అప్పుడు గన్క ఆగితే నువ్వే పోయి పట్టుకొస్తవు అన్నాడు. తాడు బియ్యం బస్తాల మీద, నాకు కనిపించేటట్టు పెట్టాడు. ఆ రాత్రే దాని పక్కన కూర్చుని ఆ నాలుగు ముక్కలూ రాశాను.

ఇంకో బంద్ కోసం ఆ రోజుల్లో పెద్దగా ఎదురుచూడాల్సిన పని లేదు. ఆ రోజు నేను మేడ మీదే సర్వర్ ముందు కూర్చున్నాను. తెర మీద మహబూబాబాద్ వచ్చింది, నంబర్ తీసుకుంది, ఉలుకు లేదు. చాచా మెయిన్ గుంజాడన్నమాట. కింద భూపాలపల్లి వచ్చి తలుపు తట్టింది. మళ్లీ తట్టింది. ఓనర్ తాడు వంక చూశాడు. నేను తెర వంక చూశాను. అంతవరకు నేను రాసిన నాలుగు ముక్కల మీద నాకున్న నమ్మకం, నిజం చెప్పాలంటే, నిమ్మకాయ మీద ఉన్నంతే.

ఫోన్ మోగింది. ఎత్తడానికి కొంచెం ఆలస్యం చేశాను.

“తమ్మీ, నంబర్ వచ్చింది,” అంది అక్క.

ఇన్నాళ్లూ మా మధ్య నడిచిన మాటలన్నీ ఆగిన సర్వర్ గురించినవే.

“ఊఁ,” అన్నాను.